పరుగెత్తి పాలు తాగినవాళ్లు

"పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్లు తాగటం మేలు" అని మన పెద్దలు అంటూ ఉంటారు. లేనిపోని ఆశకు పోయి ఆయాసపడవద్దని దీని అర్థం. సామెత మంచిదే. కాని నిజంగానే పరుగెత్తి, నిజంగానే పాలు తాగిన మనిషి ఒకాయన ఉన్నాడు. అది జరిగింది కూడా ఎక్కడో కాదు, మన సికింద్రాబాదులోనే. ఆ కథ మీకు చెబుతాను. అయితే ఆ కథ నాకు జ్ఞాపకం రావటానికి కారణమైన చిన్న సంగతి ఒకటి ముందు చెప్పాలి.

నేను చాలా ఏళ్లు బళ్లలో పాఠాలు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరయి, ఇప్పుడు మేడిపల్లిలో ఉంటున్నాను. హైదరాబాదు నుంచి వరంగల్లు పోయే పెద్దరోడ్డు మీద, ఉప్పల్ దాటి ఘట్‌కేసర్ చేరే లోపల మా ఊరు వస్తుంది. ఒకప్పుడు ఇది పల్లె. నగరం పెరిగి పెరిగి పల్లెను తనలో కలుపుకున్నది. పగలంతా రోడ్డు మీద బస్సులూ, లారీలూ, మోటారు సైకిళ్లూ చీమలబారులాగా పోతూనే ఉంటాయి. అందుకని తెల్లవారుజామునే లేచి, మా వీధి చివర ఉన్న ఆటస్థలంలో నాలుగు చుట్లు నడిచి రావటం నాకు అలవాటు.

ఒకరోజు నేను వెళ్లేసరికి అక్కడ ఒక అమ్మాయి పరుగెత్తుతున్నది. మా పక్క వీధి పిల్లే, ఏడో తరగతి చదువుతున్నది. పళ్లు బిగబట్టి, ఎవరో తరుముకొస్తున్నట్టు పరుగెత్తుతున్నది. రెండు చుట్లు తిరిగి, వేపచెట్టు మొదట్లో కూలబడి, రొప్పుతూ కుడికాలి మడమ పట్టుకున్నది.

"ఎందుకమ్మా అంత తొందర?" అని అడిగాను.

"ఇంక రెండు నెలలల్ల మా బళ్లె ఆటల పోటీలున్నయి సార్. నిరుడు ఆరువందల మీటర్ల పందెంల నేనే ఆఖరు. అందరు నవ్విండ్రు. అందుకే రోజూ ఉరుకుతున్న. రోజూ ఉరికితే గెలుస్త గద సార్?" అన్నది.

మా వైపు పరుగెత్తటాన్ని ఉరకటం అంటారు.

"గెలవటం సంగతి తరవాత. ఆ మడమకేమయింది?" అన్నాను.

"ఏం గాలే సార్," అంటూ ఆ పిల్ల కాలు వెనక్కు దాచుకున్నది.

ఆ దాచుకోవటం చూసేసరికి నా మనసు కలుక్కుమన్నది. ఎందుకంటే ఇలాగే కాలి నొప్పి దాచుకున్న పిల్లవాణ్ణి నేను పూర్వం ఒకణ్ణి చూశాను. అతనా నొప్పి దాచుకున్నది నా భయం వల్లనే.

అప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. మా బడిలో డ్రిల్లు మాస్టరు లేడు. పందాలకు పిల్లలను తయారుచేసే పని నా మీద పడింది. తొమ్మిదో తరగతి కుర్రవాడు ఒకడు లేడిపిల్లలాగా పరుగెత్తేవాడు. అతన్ని పదిహేను వందల మీటర్ల పందెానికి తయారు చేద్దామనుకున్నాను. నాకు తెలిసిన సూత్రం ఒక్కటే: ఎంత ఎక్కువ పరుగెత్తితే అంత మంచిది. రోజూ సాయంత్రం గడియారం చేతబట్టుకుని నిలబడేవాణ్ణి. నిన్నటికన్నా ఇవాళ వేగంగా రావాలి, ఇవాళ్టికన్నా రేపు వేగంగా రావాలి. సెలవన్నది లేదు.

మొదటి రెండు వారాలు బ్రహ్మాండంగా జరిగింది. నా అంతటి గురువు లేడనుకున్నాను. మూడో వారం నుంచి వేగం పెరగలేదు. నాలుగో వారం తగ్గసాగింది. నేను బద్ధకమని కోప్పడ్డాను. అతను మారుమాట్లాడకుండా మళ్లీ పరుగెత్తేవాడు. పందెం రోజున ఒక చుట్టయినా పూర్తికాక ముందే కాలు పట్టుకుని కూర్చుండిపోయాడు. వైద్యుడు పరీక్షించి, మోకాలి కింది ఎముకలో వెంట్రుకవాసి పగులు ఉన్నదన్నాడు. అది ఒక్కరోజులో వచ్చే పగులు కాదట. రోజు రోజూ పడిన దెబ్బ మానకముందే మళ్లీ మళ్లీ దెబ్బ పడితే వస్తుందట.

కుర్రవాడు నన్ను పల్లెత్తు మాట అనలేదు. "తప్పయింది సార్, ఓడిపోయిన," అన్నాడు. ఓడిపోయింది అతను కాదు. నొప్పిని చూసి బద్ధకమనుకున్న నేను.

కనక, "రోజూ ఉరికితే గెలుస్త గద సార్?" అని ఆ అమ్మాయి అడిగినప్పుడు, సరేనని తల ఊపి ఇంటికి పోలేకపోయాను. "నీ ప్రశ్నకు జవాబు ఉన్నదమ్మా. కాని అది ఒక్క మాటలో లేదు. ముందొక కథ విను," అన్నాను. ఆ కథ ఇది.

మిల్ఖా సింగ్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. ఆయన పుట్టింది ఇప్పుడు పాకిస్తానులో ఉన్న గోవింద్‌పురా అనే పల్లెలో. పసితనంలో చదువుకోసం మైళ్లకొద్దీ నడిచి పోయేవాడు. 1947లో దేశం రెండుగా చీలినప్పుడు జరిగిన ఘోరాలలో తల్లిదండ్రులను పోగొట్టుకుని, ఒంటరిగా ఢిల్లీ చేరాడు. సైన్యంలో చేరబోతే మూడుసార్లు కాదని పంపేశారు. నాలుగోసారి, 1951లో, తీసుకున్నారు. ఆయనను పంపింది సికింద్రాబాదులో ఉన్న ఈ.ఎమ్.ఈ. కేంద్రానికి. సైన్యంలో మరమ్మతు పనులు చేసే విభాగం అది.

అక్కడ కొత్తగా చేరిన సిపాయిలందరికీ ఒకనాడు పరుగుపందెం పెట్టారు. రాళ్లూ గుట్టలూ దాటుకుంటూ కొన్ని మైళ్లు పరుగెత్తాలి. ముందు వచ్చిన పదిమందికీ బహుమానం ఏమిటో తెలుసా? బంగారం కాదు, వెండి కాదు. రోజూ ఒక గ్లాసు పాలు అదనంగా! ఆకలి ఎరిగిన మిల్ఖా సింగ్‌కు ఆ గ్లాసు పాలే పతకమంత గొప్పగా తోచింది. ఆయన ఆరోవాడుగా వచ్చాడు, పాలు సంపాదించుకున్నాడు. అది చూసి పైవాళ్లు ఆయనను ప్రత్యేకంగా పరుగు సాధనకు ఎంపిక చేశారు. ఒలింపిక్స్ అంటే ఏమిటో కూడా అప్పటికి తనకు తెలియదని తరవాత ఆయనే చెప్పుకునేవాడు.

ఆ గ్లాసు పాలు ఎంత దూరం తీసుకుపోయాయో చూడండి. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. మొదటి అంచెలోనే ఓడిపోయాడు. కాని ఊరుకోలేదు. నాలుగువందల మీటర్లలో గెలిచిన చార్లెస్ జెంకిన్స్ అనే అమెరికా యువకుణ్ణి కలుసుకుని, "నీవు ఎట్లా సాధన చేస్తావు?" అని అడిగి తెలుసుకున్నాడు. ఓడినవాడు గెలిచినవాణ్ణి అడగటానికి సిగ్గుపడకపోవటం గొప్ప గుణం. 1958లో టోకియో ఆసియా క్రీడలలో రెండు స్వర్ణ పతకాలు గెలిచాడు. అదే ఏడు కార్డిఫ్‌లో జరిగిన కామన్వెల్త్ క్రీడలలో నాలుగువందల నలభై గజాల పందెం గెలిచాడు. 1960లో రోము ఒలింపిక్స్‌లో నాలుగువందల మీటర్లు 45.6 సెకన్లలో పరుగెత్తి నాలుగోవాడయ్యాడు. మూడోవాడికీ ఆయనకూ తేడా, ఆనాటి చేతి గడియారాల ప్రకారం, సెకనులో పదోవంతు!

పిల్లలూ, ఇక్కడ ఒక లెక్క చేద్దాం. 400 మీటర్లను 45.6తో భాగిస్తే సెకనుకు సుమారు 8.8 మీటర్లు. అందులో పదోవంతు అంటే 88 సెంటీమీటర్లు, దాదాపు రెండు మూరలు. రెండు మూరల దూరంలో కంచు పతకం పోయింది. ఆ రెండు మూరలను ఆయన బతికినంత కాలం మరిచిపోలేదు. 2021 జూన్ 18న కన్నుమూశాడు.

ఇదంతా విని ఆ అమ్మాయి, "చూసిండ్రా సార్! రోజూ ఉరికిండు గనకనే అంత గొప్పోడయిండు," అన్నది.

"ఆగు," అన్నాను. "ఆయన తన జీవితకథలో ఇంకొక మాట కూడా చెప్పాడు. మితిమీరి సాధన చేసి కొన్నిసార్లు నెత్తురు కక్కుకున్నాడు, స్పృహ తప్పి పడిపోయాడు. ఆయన నుంచి పట్టుదల నేర్చుకో. ఈ సంగతి మాత్రం నేర్చుకోవద్దు."

ఇప్పుడు అసలు ప్రశ్న. రోజూ పరుగెత్తితే ఒంట్లో ఏమవుతుంది? పరుగు ఎందుకు సులువవుతుంది?

మీ గుండె పిడికిలంత ఉంటుంది. అది ఒక తోడుబొక్కెన అనుకోండి. ఒక్కొక్కసారి కొట్టుకున్నప్పుడల్లా ఒక్కొక్క బొక్కెన నెత్తురు తోడి ఒళ్లంతటికీ పంపుతుంది. నెలల తరబడి పరుగు అలవాటైనవాడి గుండెలో ఆ బొక్కెన పెద్దదవుతుంది. కనక తక్కువసార్లు కొట్టుకున్నా సరిపోతుంది. ఊరికే కూర్చున్న పెద్దవాళ్ల గుండె నిమిషానికి అరవై మొదలు నూరు సార్లదాకా కొట్టుకుంటుంది. బాగా సాధన చేసిన పరుగువీరులకు నలభై, యాభై సార్లే కొట్టుకోవచ్చు. నిమిషానికి డెబ్బయిరెండుసార్లు కొట్టుకునే గుండె అరవైకి తగ్గిందనుకోండి. రోజుకు 1,440 నిమిషాలు గనక, ఒక్కరోజులో 17,280 దెబ్బలు మిగులుతాయి!

పొలానికి పెద్దకాలువ ఒక్కటీ ఉంటే చాలదు. ప్రతి మడికీ నీళ్లు చేరాలంటే పిల్లకాలువలు ఉండాలి. మన కండరాలలో కూడా వెంట్రుకకన్నా సన్నటి నెత్తుటి కాలువలు ఉన్నాయి. వాటిని కేశనాళికలు అంటారు. పరుగు అలవాటైన కొద్దీ కాళ్ల కండరాలలో ఇవి కొత్తవి పుట్టుకొస్తాయి. ప్రాణవాయువు మూల మూలకూ చేరుతుంది.

చేరిన ప్రాణవాయువుతో పని ఏమిటి? కండరాలను తయారుచేసే కణాలలో మైటోకాండ్రియా అనేవి ఉన్నాయి. అవి సూక్ష్మదర్శినికి గాని కనిపించనంత చిన్నవి. అవి పొయ్యిల వంటివి. మనం తిన్న అన్నాన్నీ, పీల్చిన ప్రాణవాయువునూ కలిపి శక్తిగా మారుస్తాయి. పెళ్లివారింట రెండే పొయ్యిలు ఉంటే వందమందికి వంట ఎప్పటికి అవుతుంది? పొయ్యిలు పెంచాలి. 1967లో అమెరికాలో జాన్ హాలోస్జీ అనే శాస్త్రజ్ఞుడు ఎలకలను కదిలే పట్టీమీద పన్నెండు వారాలపాటు పరుగెత్తించి చూశాడు. ఊరికే కూర్చున్న ఎలకల కండరాలకన్నా, పరుగెత్తిన ఎలకల కండరాలలో ఈ పొయ్యిల శక్తి దాదాపు రెండింతలైంది. ఇందులో మీకు నచ్చే సంగతి మరొకటి ఉన్నది. ఆ ఎలకలను వారానికి ఐదు రోజులే పరుగెత్తించాడు. ఎలకలకు కూడా రెండు రోజులు సెలవు ఇచ్చాడు. నేను నా శిష్యుడికి ఒక్కరోజు కూడా ఇవ్వలేదు!

మరొక సంగతి కూడా ఒప్పుకోవాలి. పరుగెత్తిన మర్నాడు కాళ్లు నొప్పులు పుట్టటానికి లాక్టిక్ ఆమ్లం కారణమని నేను ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. అది సరికాదని తరవాత తేలింది. ఆ ఆమ్లం పరుగు ఆగిన గంటా రెండు గంటలలోపలే నెత్తురులో నుంచి తగ్గిపోతుంది. పైగా కండరాలూ, గుండే దాన్ని ఇంధనంగా కూడా వాడుకుంటాయి. మర్నాటి నొప్పికి కారణం, అలవాటు లేని పని చేసినప్పుడు కండరపు పోగులలో కలిగే చిన్న చిన్న చిరుగులు. ఒళ్లు వాటిని బాగు చేసుకుంటుంది, ముందుకన్నా కాస్త గట్టిగా. కాని ఎప్పుడు బాగు చేసుకుంటుంది? పరుగెత్తుతున్నప్పుడు కాదు. విశ్రాంతిలో, ముఖ్యంగా నిద్రలో.

మా చిన్నతనంలో పల్లెటూళ్లలో మట్టిగోడలు కట్టటం చూసేవాళ్లం. ఎంత పనివాడైనా ఒక వరస పెట్టి ఆపేసేవాడు. అది ఆరి గట్టిపడితేగాని రెండో వరస పెట్టేవాడు కాడు. తొందరపడి తడి వరస మీద మరొక వరస పెడితే గోడ మొత్తం జారి కూలుతుంది. పరుగు సాధన సరిగ్గా ఇలాంటిదే. పరుగు వరస పెట్టటం; విశ్రాంతి ఆరబెట్టటం. రెండూ కలిస్తేనే గోడ.

పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. గుండే, కండరాలూ కొన్ని వారాలలోనే బలపడతాయి. ఎముకలు అంత త్వరగా బలపడవు. పైగా మీరు ఎదిగే వయసులో ఉన్నారు. ఎదిగే ఎముకల చివర మెత్తటి భాగాలు ఉంటాయి. మడమ దగ్గరా, మోకాలి దగ్గరా బలమైన కండరాలు వాటిని గుంజుతూ ఉంటాయి. గెంతులూ పరుగులూ ఎక్కువైతే అక్కడ నొప్పి వస్తుంది. పది, పన్నెండేళ్ల పిల్లలలో ఇది సామాన్యం. విశ్రాంతి ఇస్తే పోతుంది. దాచుకుంటే ముదురుతుంది.

ఇవన్నీ తెలుసుకుని సాధన చేసినవాళ్ల కథలు కూడా ఉన్నాయి. న్యూజీలాండులో ఆర్థర్ లిడియార్డ్ అనే చెప్పులు కుట్టే ఆయన ఉండేవాడు. ఏ విశ్వవిద్యాలయంలోనూ చదువుకోలేదు. ఎంత పరుగెత్తితే మంచిదో తన ఒంటి మీదనే ఏళ్ల తరబడి పరీక్షించి చూసుకున్నాడు. ముందు నెలల తరబడి నిదానంగా ఎక్కువ దూరాలు పరుగెత్తాలి. వేగం తరవాత చేర్చాలి. ఇది ఆయన పద్ధతి. ఆయన శిష్యులు పీటర్ స్నెల్, మర్రే హాల్‌బర్గ్ ఇద్దరూ రోము ఒలింపిక్స్‌లో ఒకే సాయంత్రం, ఒకరి వెనక ఒకరు, స్వర్ణ పతకాలు గెలిచారు. స్నెల్ పరుగెత్తిన పందెం ఎనిమిదివందల మీటర్లే. అయినా సాధనలో ఇరవై మైళ్లకు పైగా పరుగెత్తేవాడు!

ఇంగ్లండులో రోజర్ బానిస్టర్ వైద్య విద్యార్థి. నాలుగు నిమిషాలలోపల మైలు పరుగెత్తటం మనిషివల్ల కాదని చాలామంది అంటున్న రోజులవి. 1954లో బానిస్టర్ తన మిత్రులతో సాధన చేస్తున్నాడు. పావుమైలు చొప్పున పదిసార్లు పరుగెత్తేవారు. ఎంత ప్రయత్నించినా ఒక్కొక్కటీ అరవై ఒక్క సెకన్లకన్నా తగ్గటం లేదు. అప్పుడు ఆయన ఏం చేశాడు? ఇంకా ఎక్కువ పరుగెత్తాడా? లేదు. పరుగు మానేసి, ఒక మిత్రుడితో కలిసి స్కాట్లండు కొండలు ఎక్కటానికి పోయాడు. కొద్ది రోజుల తరవాత తిరిగివచ్చి పరుగెత్తితే యాభైతొమ్మిది సెకన్లు! ఆ ఏడు మే 6న ఆక్స్‌ఫర్డులో మైలు 3 నిమిషాల 59.4 సెకన్లలో పరుగెత్తి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచాడు. నా శిష్యుడి వేగం తగ్గినప్పుడు నేను చేయవలసిన పని కూడా అదే. పాపం, అతన్ని రెండు రోజులు ఇంటికి పంపి ఉంటే చాలు.

ఈ కథలన్నీ దూరదేశాలవి అనుకోకండి. మా రోడ్డు మీదనే నేరుగా పోతే వరంగల్లు వస్తుంది. ఆ జిల్లాలో కల్లెడ అనే ఊరు ఉన్నది. అక్కడ 2003లో పుట్టిన జీవన్‌జి దీప్తి కూలి పని చేసుకునేవారి బిడ్డ. మాటలూ చదువూ అందరికన్నా నెమ్మదిగా వచ్చేవి. ఊళ్లో కొందరు ఎగతాళి చేసేవారు. కాని బడిలో ఆమె పరుగు చూసిన గురువులు ఎగతాళి చెయ్యలేదు. నాగపురి రమేశ్ అనే శిక్షకుడు ఆమెను హైదరాబాదుకు పంపించమన్నాడు. బస్సు ఛార్జీలకే కష్టపడే ఇల్లు అది. ఆయన దగ్గర ఏళ్ల తరబడి పద్ధతిగా సాధన చేసింది. మేధోవికాసంలో ఇబ్బంది ఉన్నవారి కోసం ఏర్పరచిన విభాగంలో, 2024 మే నెలలో జపానులోని కోబే నగరంలో నాలుగువందల మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. ఆ రికార్డును కొన్ని నెలలకే పారిస్‌లో టర్కీ అమ్మాయి ఒకతె దాటింది. రికార్డులంటే అంతే, ఎవరో ఒకరు దాటటానికే ఉన్నవి. అదే పారిస్ పారాలింపిక్స్‌లో దీప్తి 55.82 సెకన్లతో కంచు పతకం తెచ్చింది. అది మిల్ఖా సింగ్ పరుగెత్తిన దూరమే. ఆయనకు రెండు మూరలలో తప్పిపోయిన కంచు అది.

కథలు విన్న తరవాత ఆ అమ్మాయి కాలు ముందుకు చాపింది. "పొద్దుగాల మస్తు నొస్తది సార్," అని ఒప్పుకున్నది. ఆ రోజే వాళ్ల అమ్మతో చెప్పి వైద్యుడి దగ్గరికి పంపాను. ఎదిగే మడమ నొప్పే. రెండు వారాలు పరుగు పూర్తిగా మానమన్నాడు. పిల్ల కళ్లనీళ్లు పెట్టుకున్నది. రెండు నెలలలో రెండు వారాలు పోతే ఏం మిగులుతుందని దాని బెంగ. "తడిగోడ ఆరుతున్నది, ఆరనీ," అన్నాను.

నొప్పి పోయాక మేమొక పద్ధతి పెట్టుకున్నాం. మీలో ఎవరైనా పరుగు మొదలుపెట్టాలనుకుంటే మీకూ ఉపయోగిస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

వారానికి నాలుగు రోజులు పరుగు. అందులో మూడు రోజులు నిదానంగా. నిదానమంటే ఎంత? పక్కన ఉన్నవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగినంత. మాట తెగిపోతూ ఉంటే వేగం ఎక్కువైందన్నమాట. మొదట్లో రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. ఒక్కరోజు మాత్రం వేగంగా. అదికూడా వంద మీటర్లు పరుగెత్తి, తిరిగి నడుచుకుంటూ వచ్చి, మళ్లీ పరుగెత్తటం. అట్లా నాలుగుసార్లతో మొదలుపెట్టి, వారాలు గడిచినకొద్దీ ఎనిమిదిసార్లదాకా. రెండు రోజులు ఇష్టమైన ఆట: కబడ్డీ, ఖోఖో, సైకిలు, ఏదైనా సరే. ఒక రోజు పూర్తిగా విశ్రాంతి. పిల్లలు రోజుకు ఒక గంటసేపు ఒళ్లు కదిలే ఆటపాటలలో ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతున్నది. రోజూ కదలటం వేరు, రోజూ పందెం పరుగెత్తటం వేరు.

పెద్దరోడ్డు మీద ఎన్నడూ పరుగెత్తవద్దు. మన ఎండాకాలంలో పొద్దెక్కకముందే ముగించాలి. ముందూ వెనకా నీళ్లు తాగాలి. తిండి సంగతి అడుగుతారేమో. మాకు దగ్గరలోనే, తార్నాకలో, జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. కూనూరులో పుట్టిన ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు వచ్చింది. మన దేశపు తిండి గింజలలో, పప్పులలో, కూరలలో ఏమేమి ఉన్నవో పరీక్షించి పుస్తకాలు అచ్చువేసింది. పరుగుకు డబ్బాలలో అమ్మే పొడులు అవసరం లేదు. అన్నమో జొన్నరొట్టో, పప్పు, ఆకుకూర, గుడ్డు, వేరుశనగ పలుకులు, పాలు, పెరుగు, ఇంట్లో ఉన్నవి కడుపునిండా తింటే చాలు. అన్నిటికన్నా ముఖ్యం నిద్ర. మీ వయసువారికి తొమ్మిది గంటలకు తక్కువ కాకూడదు.

ఒక ప్రయోగం కూడా చేయండి. పొద్దున లేవగానే, పక్క దిగకముందే, మణికట్టు దగ్గర బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించి నాడి చూసుకోండి. ముప్ఫయి సెకన్లు లెక్కపెట్టి రెండింతలు చేస్తే నిమిషానికి ఎన్నిసార్లో తెలుస్తుంది. పిల్లల నాడి పెద్దవాళ్లకన్నా వేగంగా ఉంటుంది, కంగారుపడకండి. పరుగు ముగిసిన వెంటనే ఒకసారి, ఒక నిమిషం ఆగి ఇంకొకసారి చూసి నోటుపుస్తకంలో రాసుకోండి. వారాలు గడిచినకొద్దీ, అదే పరుగు తరవాత నాడి త్వరగా నెమ్మదించటం మీకే కనిపిస్తుంది. ఒకరోజు పొద్దున నాడి మామూలుకన్నా బాగా ఎక్కువగా ఉన్నదనుకోండి. నిద్ర చాలలేదో, జ్వరం వస్తున్నదో, నిన్నటి అలసట తీరలేదో, ఆ రోజు పరుగు మానండి. నొప్పి ఉంటే పెద్దవాళ్లతో చెప్పండి. చెబితే ఒక వారం పోతుంది. దాచుకుంటే ఏడాది పోతుంది.

రెండు నెలలు గడిచాయి. ఆటల పోటీల రోజు వచ్చింది. నేనూ వెళ్లి కూర్చున్నాను. పదకొండుమంది బాలికలు వరసగా నిలబడ్డారు. నిజం చెబుతున్నాను, నా గుండె మాత్రం నిమిషానికి వందకు తక్కువ కొట్టుకోలేదు.

ఈల మోగగానే అందరూ ప్రాణాలకు తెగించి దూకారు. మా అమ్మాయి తొందరపడలేదు. మొదటి చుట్టులో తొమ్మిదోదిగా ఉన్నది. రెండో చుట్టులో ముందు దూకినవాళ్లు ఒక్కొక్కరే రొప్పసాగారు. ఈ పిల్ల అదే నడతతో ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చింది. చివరికి ఐదోది అయింది. నిరుడు రెండు నిమిషాల నలభై సెకన్లు పట్టిన దూరం, ఈసారి రెండు నిమిషాల ఇరవైరెండు సెకన్లు పట్టింది.

బహుమతి ముగ్గురికే ఇచ్చారు. ఆ పిల్లకేమీ రాలేదు. ఇంటికి వస్తూ, "గెలవలే సార్," అన్నది. ఆ మాట వినగానే, ఎన్నో ఏళ్ల కిందట "ఓడిపోయిన సార్," అన్న గొంతు నాకు జ్ఞాపకం వచ్చింది.

"నీ మడమ నొప్పిగా ఉన్నదా?" అని అడిగాను.

"లేదు సార్."

"నిరుటికన్నా ఎన్ని సెకన్లు తగ్గింది?"

ఆ పిల్ల వేళ్ల మీద లెక్క చూసుకుని, "పద్దెనిమిది!" అన్నది. అనగానే నవ్వు వచ్చేసింది. "వచ్చే ఏడు ఇంకెన్ని తగ్గుతయి సార్?"

"అది నేను చెప్పేది కాదు. రేపు విశ్రాంతి. ఎల్లుండి పొద్దున ఆటస్థలానికి రా, చూద్దాం," అన్నాను.

ఆ తరవాత ఇద్దరం మా ఇంటికి వెళ్లాం. మా ఆవిడ ఆ పిల్లకు ఒక పెద్ద గ్లాసునిండా పాలు ఇచ్చింది. ఆ అమ్మాయి గుక్కతిప్పుకోకుండా తాగేసి, పైపెదవి మీద తెల్లటి మీసంతో, "సికింద్రాబాద్‌ల తాగిన పాలు గివేనా సార్?" అన్నది.